ఉత్తరం కిటికీ కాడి పలక

పాతబస్తీ, పత్తర్‌గట్టిలో ఒక ముత్యాల దుకాణం. పై గదిలో ఉత్తరం కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కొత్త టాబ్లెట్. పొద్దున పదిన్నర. ముత్యాలు ఏరే దుర్గయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని దుకాణం యజమాని శ్రవణ్‌కుమార్ మాట్లాడుతున్నాడు.

“నేను పొమ్మంటలేను కాకా. పొమ్మన్ననా? కింద కూసో అంటున్న. గంతే.”

“కింద యాడ?”

“తలుపు కాడ. మంచి కుర్చీ ఏపిస్త, ఫ్యాన్ కింద. గిరాకీలు వస్తరు, పోతరు. నమస్తే అనాలె. కొత్తోళ్లు నిన్ను చూస్తే, ఇది పాత దుకాణం, అసలు దుకాణం అనుకుంటరు.”

“బొమ్మ లెక్క.”

“అగో. ప్రతిదానికి ఉల్టా తీస్తవ్.”

“మరి ముత్యాలెవలు ఏరుతరు సేఠ్?”

“బేబీ ఏరుతది. నిఖిలేష్ చూస్కుంటడు.”

“బేబీ గుచ్చేటామె. నిఖిలేష్ ఫోటోలు తీసేటోడు. ఏరేటోడెవడు అంటున్న.”

“టాబ్ ఉంది గద కాకా. పైన కెమెరా, కింద పళ్లెం, ముంగట టాబ్. శెనగ గింజంత ముత్యం నిమ్మకాయంత కనబడుతది. ఇంక దాంట్ల ఏరనీకె ఏముంది? చిన్న పోరలు సుత ఏరుతరు.”

“అయితే నలభై ఒక్క ఏండ్లు నేను చిన్న పోరల పని చేసినన్నట్టు.”

“నేను గట్లన్లే.”

“అన్నవ్.”

“సరే, అన్న. తప్పాయె. కని గా సత్‌లడ సంగతేంది మరి? బెంగళూర్ పార్టీ. ఏడు వరసల దండ. పెండ్లికి ఇంక రెండు రోజులుందనంగ వాపస్ పంపిన్రు, మూడో వరస పచ్చగున్నదని. ఫోన్ల ఎన్ని మాటలన్నరో నీకెర్కనా? గుచ్చింది బేబీ. ఏరింది నువ్వు.”

“నేనే.”

“ఒప్పుకుంటున్నవా?”

“నేనే ఏరిన. పచ్చగనే ఉన్నది. వాపస్ వచ్చినంక కిటికీల పట్టుకొని సూసిన. పసుపు పూసినట్టున్నది. గంత పచ్చదాన్ని నేను, నా చేతులతోని...”

“కాబట్టి కండ్లు పోయినయి. దాంట్ల సిగ్గేముంది కాకా? అరవై ఆరు. అందరికి పోతయి.”

“కండ్లు పోలే.”

“మళ్లా గదే.”

“పోలే సేఠ్. కిటికీల పచ్చగ కనబడ్డది గదా. నీ టాబ్ పలకలనే కనబడలే. కండ్లు పోయినోనికి రెండు కాడ కనబడొద్దు.”

“నీతోని వాదించి నేను గెలవను.”

“వాదిస్తలేను. మూడు దవాఖాన్లు తిరిగిన. మలక్‌పేట డాక్టరు మిషన్ పెట్టి సూసి, ఎనిమిదేండ్ల కింద ఏ నంబరుండెనో గదే ఉన్నది అన్నడు. సంతోష్‌నగర్‌ల మేడమ్ చుక్కల మందిచ్చి, ఇంట్ల ఏమన్న లొల్లి ఐతుందా తాతా, నిద్ర పడ్తలేదా అనడిగింది. మూడో ఆయన తలకు ఫోటో తియ్యమన్నడు. తీపిచ్చిన. తలల ఏం లేదన్నడు.”

“అది మాకు ముందు నుంచే తెలుసు.”

“నవ్వు. మీ నాయన పెద్దసేఠ్ గూడ గిట్లనే నవ్వుతుండె. కని నవ్వినంక మాట ఇంటుండె.”

“నేను గూడ ఇంటున్న. చెప్పు. ఇంటున్న గద.”

“పదింటికి పలక ముందల కూసుంట. పదకొండుకు కండ్ల ఎనక గుంజుడు సురువైతది. లోపల దారం కట్టి ఎవడో గుంజినట్టు. మధ్యాహ్నం జొహర్ అజాన్ అయ్యేటాళ్లకు కడుపుల తిప్పుతది. మెట్ల కిందికి పోయి కక్కుకుంట. మూతి కడుక్కుంట, మళ్ల వచ్చి కూసుంట. ఇంటికి పోతే సక్కుబాయి తలకు గుడ్డ కట్టి చీకట్ల పండవెడ్తది.”

“చిన్నమ్మ ఏమంటది?”

“ఏమంటది. మూడో తరగతిల పలక ఇసిరేసి బడి గోడ దుంకినోనివి, ముసలితనంల మళ్ల పలక పట్టినవ్, తల నొవ్వక ఏమైతది అంటది.”

“చిన్నమ్మ కరెక్ట్ చెప్పింది చూడు. కొత్త వస్తువంటే నీకు కోపం కాకా. డిజిటల్ తరాజు తెచ్చినప్పుడు గూడ నెల రోజులు లొల్లి చేసినవ్.”

“తరాజు మీద కోపమొచ్చింది. పోయింది. గిది కోపం గాదు. కోపమొస్తే కక్కుతరా ఎవలన్న?”

“అద్దాలు తెచ్చిచ్చిన. పెట్టుకున్నవా? స్క్రీన్ కోసమని స్పెషల్‌గ తెచ్చిన.”

“పసుపు అద్దాలు.”

“పసుపో, నీలమో. కండ్లకు మంచిదని చెప్పిండు షాపుల.”

“పసుపు అద్దాలు పెట్టుకొని, ముత్యం పచ్చగున్నదా తెల్లగున్నదా ఎట్ల సూడాలె సేఠ్?”

“...సరే. అది వేరే సంగతి.”

“ఏం వేరే?”

“కాకా, గది ఉత్త టాబ్ గాదు. కొత్త మాల్. ఓలెడ్ డిస్‌ప్లే. నలుపంటే నలుపు, తెలుపంటే తెలుపు. గట్లాంటి రంగు ఇంకో దాంట్ల రాదు.”

“రంగు మస్తుంటది. నేను కాదన్ననా? రంగుకు వంక పెట్ట. నిలకడ లేదు దానికి.”

“నిలకడ ఏంది?”

“వణుకుతది.”

“యాడ వణుకుతుంది? నేను చూస్తున్న గద. గోడ లెక్కున్నది.”

“కండ్లకు గోడ లెక్కనే ఉంటది. లోపల ఆరుతది, ఎలుగుతది, ఆరుతది, ఎలుగుతది. సెకండ్ల వందల సార్లట. మున్నా సూపెట్టిండు.”

“ఏ మున్నా?”

“గల్లీ మొదట్ల, మొబైల్ రిపేర్ మున్నా.”

“వాహ్! మూడు దవాఖాన్లల తేలనిది మున్నా తేల్చిండు. వానికి నా ఫోన్ చార్జింగ్ పిన్ను ఏయరాదు సక్కగ.”

“పిన్ను సంగతి నాకెర్క లేదు. నువ్వు ఒక్క గంట కూసో దాని ముందల. ఒక్క గంట. నేను పోయి కింద కూసుంట, నమస్తే అంట అందరికి.”

“నాకు గంట టైం యాడిది కాకా?”

“నాలుగు నెలలాయె తెచ్చి. ఒక్కనాడు నువ్వు కూసోలే.”

“నాకు ల్యాప్‌టాప్ ఉంది. నాకెందుకది?”

“చిన్నసేఠ్, చాయ్.”

“పెట్టు బేబీ. పోకు, ఆగు. నువ్వు గూడ నెల సంది గా టాబ్ ముందల కూసుంటున్నవ్ గద, సాయంత్రం పూట?”

“కూసుంటున్న సేఠ్.”

“తల నొస్తదా?”

“తలనా?”

“తల. కండ్లు. ఏమన్న.”

“నాకేం లేదు సేఠ్. మంచిగున్నది. పెద్దగ కనబడుతది.”

“చూడు కాకా. విను.”

“బేబీ, మొన్న శుక్రారం మెట్ల కింద చెంబుతోని నీళ్లు నాకు నువ్విచ్చినవా బిడ్డా, నీకు నేనిచ్చిన్నా?”

“బాపూ...”

“సెప్పు. ఎవలకు ఎవలిచ్చిన్రు?”

“నువ్వే ఇచ్చినవ్ బాపూ. కని అది... పొద్దున బోండాలు తిన్న. పడలే. బోండాలతోని అయింది.”

“బోండాలతోనా?”

“బోండాలతోనే సేఠ్. నా తలకేం లేదు. ఇద్దరు పిల్లలు నాకు, నా ఒక్కదాని చేతి మీద నడుస్తది ఇల్లు. నా కండ్లకేం కాలే, మంచిగున్నయి. పోవాల్నా సేఠ్?”

“పో. తలుపు దగ్గరికెయ్యి. చూసినవా కాకా?”

“సూసిన.”

“ఇంక దేనికి సాగదీస్తవ్?”

“నీ ఫోన్ తియ్యి.”

“ఎందుకు?”

“తియ్యి సేఠ్. కెమెరా పెట్టు. ఫోటో కొట్టకు, ఉత్తగ సూడు. పలక మీద పట్టు. ఆఁ. ఇప్పుడు పలకల లైటు దించు. ఇంక దించు. ఇంక. అడుగుదాక.”

“దించిన.”

“ఏం కనబడుతున్నది ఫోన్ల?”

“ఏం లేదు.”

“సరిగ్గ సూడు.”

“గీతలు.”

“ఎట్లున్నయి?”

“నల్లగ. పట్టీలు పట్టీలు. పైకి నడుస్తున్నయి.”

“గవే నా కండ్లల నడిచేటివి. ఇప్పుడు లైటు మీదికి జరుపు. ఏమాయె?”

“పల్చబడ్డయి.”

“ఇప్పుడు ఫోన్ కిటికీ దిక్కు తిప్పు. పళ్లెంల ముత్యాల మీద పట్టు. ఉన్నయా గీతలు?”

“లెవ్వు.”

“ఎండకు గీతలుండయ్ సేఠ్. ఎండ కదలదు. నలభై ఏండ్లు కదలని ఎలుగుల ఏరిన నేను.”

“అది... కెమెరా తప్పు గూడ అయ్యుండొచ్చు.”

“కెమెరా తప్పైతే ముత్యాల మీద గూడ రావాలె గదా. మున్నా ఏమడిగిండో ఎర్కనా? తాతా, లైటు ఎంతల పెట్టుకుంటవ్ అన్నడు. అడుగుకు పెట్టుకుంట బిడ్డా, కండ్లు కాపాడుకోవాలె గదా అన్న. నెత్తి కొట్టుకున్నడు.”

“ఎందుకు?”

“దించినకొద్ది ఎక్కువ ఆరుతదట. లైటు తగ్గించుడంటే దీపం ఒత్తి దించినట్టు గాదట. ఎక్కువసేపు ఆర్పి పెట్టుడట. నాకేం ఎర్క? నేను మన పని లెక్కనే అనుకున్న. మెరుపెక్కువైతే ముత్యం రంగు తెలువదు. అందుకే కిటికీకి పరద ఏస్తం, పళ్లెంల నీలం గుడ్డ పరుస్తం. పెద్దసేఠ్ నాకు మొదటి దినం నేర్పిన పని గదే. ఎలుగు దించు దుర్గయ్యా, అప్పుడు సూడు అన్నడు. నేను పలకకు గదే చేసిన. పొద్దున రాంగనే అడుగుకు దించుడు. దాని మీద పల్చటి మల్‌మల్ గుడ్డ గూడ కప్పిన కొన్నొద్దులు. తల నొస్తే ఇంక దించిన. దించినకొద్ది నొచ్చింది. నొచ్చినకొద్ది దించిన. నాలుగు నెలలు. ఎవలు చేయలే సేఠ్. నా చేతులతోని నేనే.”

“అయితే ఫుల్ పెట్టుకో. దొరికింది గద మందు. ఫుల్ పెట్టుకొని ఏరు.”

“నాలుగొద్దుల సంది ఫుల్లే పెట్టిన. కడుపుల తిప్పుడు జర తగ్గింది. కని ముత్యాలన్ని ఒక్క తీరుగ కనబడ్తున్నయి. పాలల ఏసినట్టు. పచ్చది, గులాబిది, తెల్లది, అన్ని తెల్లగనే. గట్ల ఏరితే ఒక్క వరస గాదు, ఏడు వరసలు వాపస్ వస్తయి.”

“మరి ఏంజెయ్యమంటవ్? టాబ్ తీసి మూసీల పారేయమంటవా?”

“కిటికీల ఏరనియ్యి. మధ్యాహ్నం దాక నా పళ్లెం, నా కిటికీ. నేను ఏరి, రంగుకు రంగు జోడ కట్టినంక నువ్వు కెమెరా కింద పెట్టుకో, ఫోటో కొట్టుకో, ఏమన్న చేస్కో. గంతే అడుగుతున్న.”

“కాదు కాకా.”

“ఎందుక్కాదు?”

“గిరాకి కిటికీల చూస్తలేడు. ఫోన్ల చూస్తున్నడు. కిటికీల జోడ అయినయి ఫోన్ల కాకపోతే నాకు తిట్లు. వాళ్లకు ఎట్ల కనబడుతదో గట్ల ఏరాలె. జమానా గదే.”

“పెండ్లిపిల్ల మెడల ఏసుకొని ఎండల కూసుంటదా, ఫోన్ల కూసుంటదా?”

“గది నన్నడుగకు.”

“మరెవల్నడగాలె?”

“కాకా, సీదా మాట చెప్త. గీతలున్నయి. సరే, ఉన్నయి. అందరికి ఉన్నయి. లక్షల మంది చూస్తున్నరు పొద్దుమాపు. ఎవ్వరికి కానిది నీ ఒక్కనికి అయితే, తప్పు టాబ్‌దా, నీదా?”

“పెంటయ్య యాదికున్నడా నీకు? ముత్యాలకు బెజ్జం ఏసేటోడు.”

“ఉన్నడు. పొట్టిగుంటుండె.”

“పల్లికాయ నోట్ల పడితే వాని మొఖం ఉబ్బుతుండె. దమ్ము ఆగుతుండె. మనమందరం తింటుంటిమి గదా పల్లీలు? మాకెవ్వలకు కాలే, నీకే అయితుంది, నీదే తప్పు అన్నమా వాన్ని? పెద్దసేఠ్ ఏంజేసిండు? దుకాణంల పల్లీలే బంద్ చేసిండు.”

“నాయన కాలం వేరు.”

“పల్లీలు గవే, కాలమే వేరు.”

“కాకా, నేను గూడ నడుపుకోవాలె గద ఈ దుకాణం. చార్‌కమాన్ల చూడు, పక్కపొంటి చూడు, అందరు ఆన్‌లైన్ పోయిన్రు. నేను ఒక్కన్ని కిటికీ తెర్చుకొని కూసుంటే ఎవలొస్తరు? నీకు పోతున్నదేంది, జీతం తక్కువిస్త అన్ననా? కుర్చీ మారుతుంది. గంతే.”

“నిఖిలేష్‌తోని ఏమన్నవ్ నువ్వు?”

“ఏమన్న?”

“ముసలోని ఏషాలు అన్నవట. పని తప్పించుకోనికె కక్కుతున్నడు, ఏలు పెట్టుకొని కక్కుతున్నడు అన్నవట.”

“ఎవలు చెప్పిన్రు నీకు?”

“అన్నవా, అన్లేవా?”

“సత్‌లడ వాపస్ వచ్చిన రోజు తల తిరిగిపోయింది నాకు. కోపంల మనిషి ఏదో అంటడు.”

“అన్నవా?”

“అన్న. అన్న కాకా! ఏంజేస్తవ్ ఇప్పుడు?”

“ఏంజెయ్య. నలభై ఒక్క ఏండ్లల ఒక్క ముత్యం జేబుల ఏసుకోలే. అబద్ధం జోడ ఒక్కటి కట్టలే. ఇది గాదు సేఠ్ అని నేనంటే, పెద్దసేఠ్ మళ్ల తిప్పి సూడకపోతుండె. తీసి పక్కకు పెడుతుండె. గంతుండె నా మాట. కండ్లు పోయినయి అన్నవ్ సూడు, నిజంగ పోయుంటే గింత బాధ లేకుండె.”

“చాయ్ తాగు. చల్లారుతుంది.”

“వద్దు.”

“కోపం చాయ్ మీద ఎందుకు?”

“కోపం గాదు. నీ ఫోన్ల గీతలు సూసిన గదా నేను గూడ. తాగితే కడుపుల నిలవదు.”

“...నిఖిలేష్‌తోని అన్న మాట వాపస్ తీసుకుంటున్న. సరేనా? అనకుండాల్సింది.”

“సరే.”

“సరే అంటే?”

“సరే అంటే సరే. కిందికి పోత. కుర్చీ ఏపియ్యి.”

“నిజంగనా కాకా?”

“నిజంగనే. వచ్చినోనికి నమస్తే, పోయినోనికి నమస్తే. లొల్లి చెయ్య. బేబీకి ఏరుడు గూడ నేర్పిస్త, కిటికీల, నువ్వు సూడనప్పుడు.”

“నువ్వు మారవ్.”

“కని ఒక్క మాట సేఠ్. ఒక్కటే. గది నా కోసం గాదు.”

“చెప్పు.”

“నీ పాప. స్రవ్య.”

“స్రవ్యకేమాయె?”

“ఏం కాలే. మూడో తరగతికొచ్చింది గదా. గిప్పుడు పిల్లలందరి చేతులల్ల గివే పలకలు. దానికి గీ తీరుది ఇయ్యకు.”

“గది నేను చూస్కుంట తియ్యి.”

“చూస్కుంట గాదు. ఇయ్యకు. అరవై ఆరేండ్లోన్ని, నోరు తెర్చి తల నొస్తుంది అంటేనే ఏషాలన్నరు. ఎనిమిదేండ్ల పిల్ల చెప్తే ఎవలింటరు? చదువు తప్పించుకుంటుంది అంటరు. రెండు దెబ్బలు ఏస్తరు. పిల్ల కండ్లు నలుచుకుంట కూసుంటది. దానికి చెప్పొస్తదా, కండ్లెనక దారం గుంజుతున్నదని?”

“ఎవలు కొడ్తరు కాకా దాన్ని? ఎవ్వలు కొట్టరు. వదిలెయ్ గా ముచ్చట.”

“ఎత్తుకొని తిరిగిన పిల్ల సేఠ్. గీ బల్ల కింద నీలం గుడ్డల మీదనే పండుకుంటుండె. నా చేతుల నుంచి ముత్యాలు గుంజుకొని ఆడుకున్నది. నా కండ్లు ఎటన్న పోనియ్యి, అయిపోయిన కండ్లు. దానియి ఇంక సురువే కాలే.”

“ఇయ్యను. చెప్పిన గద.”

“ఒట్టెయ్యి.”

“ఏయ్, ఒట్లెందుకు?”

“నెత్తి మీద చెయ్యి పెట్టుకొని చెప్పు. చాలు నాకు. తలుపు కాడ గాదు, మెట్ల కింద కూసోమన్న కూసుంట.”

“ఎన్నిసార్లు చెప్పాలె కాకా? ఇయ్యను అంటే నమ్మవా?”

“నమ్మ. నా మాటనే నమ్మనోనివి, రేపు దాని మాట ఏం నమ్ముతవ్?”

“నమ్మిన గద! గీ టాబ్ దానికనే తెచ్చింది కాకా! రెండు రోజులు చూసి, డాడీ తల నొస్తుంది, కక్కొస్తుంది అని ఏడ్చింది. గా రోజే దాని చేతులకెళ్లి గుంజుకొచ్చి నీ ముంగట పెట్టిన!”